అత్తయ్యగారు పట్టిన చోటు

పోయిన ఆదివారం, ఇక్కడే సింగపూరులో యూ టీ అనే పేటలో ఉన్న మా అమ్మాయి ఇంటికి భోజనానికని వెళ్తే, బల్లమీద కంచాలకు బదులు లాప్‌టాపు ఉంది, దాని ముందు మా అమ్మాయి తల పట్టుకుని కూర్చుని ఉంది. జూన్ సెలవుల్లో అమెరికా ఎడారిలోని ఇరుకు లోయలు చూసి రావాలని వాళ్ళ ఉబలాటం. ఇరుకు లోయలంటే, వానొచ్చినప్పుడల్లా వరదనీరు ఎర్రరాతిని కోసుకుంటూ పోగా పోగా మిగిలిన సందులు. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి, తలెత్తితే దారప్పోగంత ఆకాశం కనిపిస్తుంది, ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తికొచ్చిన కాసేపు మాత్రం పైనించి ఒకే ఒక్క వెలుగు నిటారుగా దిగి ఇసుకమీద నిలబడుతుంది. ఆ వెలుగును ఫొటో తీసుకోవాలంటే ఇప్పుడు ముందుగానే వేళ ఎంచుకుని టిక్కెట్టు కొనాలట, మంచి వేళలన్నీ ఎవరెవరో ఎగరేసుకుపోయారట. "డాడీ, మా చిన్నప్పుడు మీరు జనం లేని లోయ ఒకటి పట్టుకున్నారు కదా, అదెక్కడ?" అని అడిగింది.

అదెక్కడో నాకు బాగా గుర్తుంది, దాంతోపాటు ఆనాటి చిరాకు కూడా ఏమాత్రం పాతబడకుండా గుర్తుంది.

ఓడలు కట్టే కంపెనీలో డ్రాయింగు ఆఫీసు ఉద్యోగానికి సింగపూరు వచ్చిన కొత్తల్లో నేను కెమెరా కొన్నాను. ఫిల్ము రోజులు కదా, నా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు, మీట నొక్కే ముందు పదిసార్లు ఆలోచించుకునేవాళ్ళం, నొక్కాక అది ఎలా వచ్చిందో తెలియడానికి వారం ఆగేవాళ్ళం. ఈ ఊళ్ళో అన్నీ దొరుకుతాయి గానీ మనిషి లేని చోటు మాత్రం దొరకదు. బుకిట్ బటోక్‌లో మా బ్లాకుకి దగ్గర్లోనే పాత రాతిగని ఒకటి నీళ్ళు నిండి చెరువయింది, దాని మధ్యలో నిట్టనిలువు బండలు చూడముచ్చటగా ఉంటాయి. ఏ ఆదివారం వెళ్ళినా అక్కడ తెల్లగౌను తొడుక్కున్న పెళ్ళికూతురొకతె నాకంటే ముందే తయారుగా ఉండేది. పొద్దున్నే వెళ్తే వ్యాయామం చేసే ముసలివాళ్ళు, వానలో వెళ్తే గొడుగులు. నేను తీసిన ప్రతి ఫొటోలోనూ ఏదో ఒక మూల ఎవరిదో ఒకరి మోచెయ్యి ఉండి తీరేది. రాయీ వెలుగూ తప్ప మరేమీ లేని ఫొటో, ఒక్కటంటే ఒక్కటి, తీసి ముందుగదిలో తగిలించుకోవాలన్నది నాకు కోరికగా మొదలై పంతంగా మారింది.

ఇక్కడ మా అత్తయ్యగారి గురించి చెప్పాలి. ఆవిడ తణుకు దగ్గరి పల్లెటూరి మనిషి, మామయ్యగారు పోయాక మా దగ్గరకే వచ్చి ఉండిపోయారు. ఆవిడ తరంలో అల్లుడి ఎదుట అత్తగారు కూర్చోవడం గానీ, అల్లుడితో నేరుగా మాట్లాడటం గానీ లేదు. పెద్ద లోగిళ్ళల్లో ఆ మర్యాద సాగుతుంది కాబోలు గానీ మా అగ్గిపెట్టెలాంటి ఫ్లాటులో ఎలా సాగుతుంది? అయినా ఆవిడ సాగించారు. నేను చేతికందేంత దూరంలో నిలబడి ఉండగానే వంటింటి తలుపు చాటునించి "అబ్బాయికి కాఫీ కావాలేమో కనుక్కోవే" అని మా ఆవిడనడిగేవారు. ఆవిడ అడిగింది నాకు వినపడేది, నేను చెప్పేది ఆవిడకి వినపడేది, అయినా మా ఆవిడ మధ్యలో ఉండి అటూ ఇటూ చేరవేస్తేనే ఆ మాట చేరినట్టు లెక్క. నేను కెమెరా ఎత్తితే చాలు, ఆవిడ మాయమయ్యేవారు. మా ఆల్బముల నిండా పిల్లల పుట్టినరోజులున్నాయి, ఏ పుట్టినరోజు ఫొటోలో చూసినా గుమ్మం పక్కన ఒక చీరచెంగు మాత్రం కనిపిస్తుంది.

అంత బిడియస్తురాలూ హాకర్ సెంటర్‌కి వెళ్తే మాత్రం వేరే మనిషి. ఈ ఊరి తిండి దుకాణాల్లో ముందు బల్లమీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోటు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే తిండి కొనుక్కోవడానికి వెళ్తారు. దాన్నే చోప్ చెయ్యడమంటారు. ఎంత ఆకలితో ఉన్నవాడైనా ఆ ప్యాకెట్టును ముట్టుకోడు. మనూళ్ళో బస్సు కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటు పట్టిన చెయ్యి కదా, అత్తయ్యగారికి ఈ విద్య వచ్చిన వారానికే పట్టుబడింది. మాకొక బల్ల, స్తంభం వెనకాల తనకొక బల్ల, రెండూ చోప్ చేసేవారు. తువ్వాలయితే ఎవరో ఒకరు తీసి అవతల పారేసి కూర్చుంటారు, దీన్ని మటుకు ఎవ్వరూ ముట్టుకోరు, ఏం మర్యాదస్తుల దేశమే అని మా ఆవిడ దగ్గర మురిసిపోయేవారు.

అమ్మాయీ అబ్బాయీ ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడు, ఒక జూన్ సెలవుల్లో అందరం కలిసి ఆ ఎడారికి వెళ్ళాం. మొదటిరోజు పేరు మోసిన లోయకి తీసుకెళ్ళారు. అది అక్కడి ఆదివాసుల నేల, వాళ్ళ మనిషి తోడు లేకుండా లోపల అడుగు పెట్టకూడదు, అది న్యాయమే. కానీ ఆ తోడొచ్చిన మనిషి వెనకాల మేమొక గుంపు, మా వెనకాల ఇంకొక గుంపు, ఎదురుగా తిరిగొస్తున్న గుంపు ఒకటి. ఆదివారం సాయంత్రం సింగపూరు లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డున నడిచినట్టే ఉంది. అక్కడి తొక్కిసలాటలో కనీసం మల్లెపూలైనా దొరుకుతాయి. నేను ట్రైపాడ్ కాళ్ళు విప్పేలోగా "మూవ్, మూవ్" అంటూ వెనకనించి తోసేశారు. వెలుగు దిగిన చోట ఒక పెద్దమనిషి నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి, వాళ్ళావిడ ఫిల్ము మార్చుకునేదాకా కదల్లేదు. బయటికొచ్చేసరికి నా ఒళ్ళు మండిపోతోంది, అబ్బాయి బాత్రూమంటాడు, అమ్మాయి ఐస్‌క్రీమంటుంది. మీ ఫొటోల కోసం ఇంత దూరం వచ్చాం, ఇప్పుడు మీ మొహం చూడలేక చస్తున్నాం అని మా ఆవిడ విసుక్కుంది.

మర్నాడు మేం బస చేసిన చోట ఊడ్చే ఆవిణ్ణి అడిగి, ఆవిడ చెప్పిన దుకాణంలో అడిగి, ఆ దుకాణంవాళ్ళ మేనత్తను పట్టుకుంటే, జనం ఎరగని లోయ ఒకటి ఉందని తేలింది. ఆ మేనత్తే ట్రక్కు తోలుకుంటూ తీసుకెళ్ళింది. దారి అనడానికి వీల్లేని దారి, ఇసుకలో దిగబడుతూ లేస్తూ పోతుంటే నాకు మాత్రం గాల్లో తేలుతున్నట్టుంది. లోపలికి వెళ్తే నిజంగానే పిట్ట కూడా లేదు. ఒక మలుపు దగ్గర ఆ మేనత్త ఆగి, మధ్యాహ్నానికి వెలుగు సరిగ్గా ఇక్కడ దిగుతుంది అని ఇసుకమీద కాలి బొటనవేలితో చూపించింది.

వెలుగుకి ఇంకా వేళ ఉంది, లోయ చివరిదాకా ఒకసారి చూసొద్దామని బయల్దేరుతూ, అత్తయ్యగారు వినాలనే మా ఆవిడతో చెప్పాను, ఇదే చోటు, ఇక్కడెవరూ ఉండకూడదు, పెద్దావిణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండమను అని. చెప్పాల్సింది అంతే అనుకున్నాను. మోకాళ్ళ నొప్పులతో ఎలాగూ నడవలేక అక్కడే ఆగిపోయిన అత్తయ్యగారు, చోటును కనిపెట్టుకోవడమంటే తనకి తెలిసిన పద్ధతే పాటించారు. పులిహోర సంచీలోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి, వెలుగు దిగబోయే చోట, ఇసుక నట్టనడుమ పెట్టి, ఇక ప్రపంచంలో ఎవరూ దాన్ని దాటి రారనే ధీమాతో అవతల బండ మీద చతికిలబడ్డారు.

తర్వాత జరిగింది మాతో నడవకుండా అమ్మమ్మ దగ్గరే ఉండిపోయిన మా అమ్మాయి చెప్పింది. ఎక్కడినించి ఊడిపడ్డారో గానీ కెమెరాలవాళ్ళు ఒక గుంపు వచ్చారు. వాళ్ళలో ఒకాయన, పాపం మంచివాడే, ఎవరో చెత్త పారేశారనుకుని ఆ ప్యాకెట్టును తీసి తన సంచీలో వేసుకున్నాడట. అత్తయ్యగారు నిర్ఘాంతపోయారు. చోప్ చేసిన ప్యాకెట్టును తీసినవాణ్ణి ఆవిడ జన్మలో చూడలేదు. గబగబా లేచి వెళ్ళి, చెయ్యి చాపి అది తిరిగి తీసుకుని, మళ్ళీ ఇసుకలో అక్కడే పెట్టి, మాట చివర లా తగిలించే సింగపూరు ఇంగ్లీషులో "చోప్ ఆల్రెడీ లా! మై సన్నిన్లా కమింగ్!" అన్నారట. వాళ్ళకొక్క ముక్క అర్థం కాలేదు. ఇంకొకతను ముందుకి రాబోయాడు. ఇక ప్యాకెట్టును నమ్ముకుంటే లాభం లేదని, ఆ చోటు నాకోసం ఖాళీగా ఉంచడానికి ఆవిడే వెళ్ళి దాని నడుమ నిలబడ్డారు.

నేను రొప్పుకుంటూ మలుపు తిరిగేసరికి వెలుగు దిగింది. దిగి, అత్తయ్యగారి నెత్తిమీద పడింది.

ఆ కాసేపట్లో నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. పక్కకి జరగండని నేరుగా అరవడానికి నోరు రాలేదు, అన్నేళ్ళలో ఆవిడతో నేరుగా ఒక్క మాటా అని ఎరగను. "అత్తయ్యగారిని జరగమని చెప్పవే!" అని మా ఆవిణ్ణి కేకేశాను. మా ఆవిడ ఇంకా నా వెనకెక్కడో సందులో ఇరుక్కున్న అబ్బాయి చెప్పు లాగుతోంది. నా కేక గోడలకి తగిలి ఏమని వినపడిందో గానీ, అల్లుడు వచ్చాడు, చోటు అప్పగించేదాకా గట్టిగా నిలబడాలనుకున్నారు కాబోలు, అత్తయ్యగారు తలమీదికి చెంగు లాక్కుని, రెండు చేతులూ చాపి, కదలకుండా నిలబడ్డారు. ఆ కెమెరాలవాళ్ళు సణగడం మానేసి ఎడాపెడా ఫొటోలు తీసుకున్నారు. ఏ దేశం వాళ్ళో ఏమో, ఈనాటికీ వాళ్ళ ఇళ్ళల్లో మా అత్తయ్యగారున్నారు. నేనూ కసికొద్దీ ఒకటి నొక్కాను. మా ఆవిడ వచ్చి ఆ కబురు అందించేసరికి వెలుగు గోడెక్కింది, ఆ వెనకే మబ్బు పట్టింది, మర్నాడు మా విమానం.

ఇంటికొచ్చాక ఆ స్లైడు గోడమీద వేసి చూస్తే పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను. వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసిన అత్తయ్యగారు మాత్రం సంతోషంగా "చూశావుటే, అబ్బాయి వచ్చేదాకా ఒక్క పురుగును రానిచ్చానా?" అన్నారు. మా ఆవిడ నాకేసి చూసింది, నేను తలూపాను. ఆ తర్వాత లిటిల్ ఇండియాలో కూరగాయల దుకాణంలో కనిపించిన ప్రతి ఆంటీకీ ఆవిడ ఆ కథ చెప్పేవారు, అల్లుడికి అమెరికాలో చోటు పట్టిన కథ. నేను సంచులు పట్టుకుని పక్కన నిలబడి పళ్ళు నూరుకునేవాణ్ణి. ముందుగదిలో ఆ ఫొటోకని కొట్టిన మేకు చాలాకాలం ఖాళీగా ఉండి, చివరికి గొడుగు తగిలించుకోవడానికి పనికొచ్చింది. అత్తయ్యగారు పోయి కూడా ఏళ్ళు గడిచిపోయాయి.

ఆదివారం మా అమ్మాయికి ఆ మేనత్త లోయ ఎక్కడుందో చెప్పాను. వెతికింది. ట్రక్కు దారి ఇప్పుడు తారురోడ్డట, లోయకి ముందు కంచె, కంచెకి ముందు టిక్కెట్ల గది, వెలుగు దిగే వేళకి ఒక్క చోటూ లేదు. "ఇది కూడా ఫుల్లే డాడీ" అంది. ఇంకెక్కడికి పోవాలి మనిషన్నవాడు అని నేను గట్టిగానే విసుక్కున్నాను. నా విసుగు చూడలేక కాబోలు, మా మనవరాలు వాళ్ళమ్మ ఫోనులోకి ఎక్కించి ఉంచిన ఆ పాత స్లైడును తీసి, దానిమీద వేలితో ఏదో గీసి, నా చేతికిచ్చింది. "తాతా, సీ. నో మోర్ పీపుల్ లా."

చూశాను. ఎర్రటి గోడలు, నిటారుగా దిగిన వెలుగు, కింద ఇసుక. మనిషి లేదు. నేను ఇన్నేళ్ళు ఏడ్చింది ఈ ఫొటో కోసమే. అచ్చం నేను అనుకున్నట్టే ఉంది. కానీ నా కళ్ళు వెలుగుని చూడలేదు, ఆవిడ చాపిన చేతులు ఎక్కడిదాకా ఉండేవో వెతికాయి. మా ఇంట్లో ఆవిడ మొహం కనిపించే ఫొటో అదొక్కటే. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ వెతికాను. పిల్ల కంగారుపడి "ఓకే లా తాతా, అండూ చేస్తే మళ్ళీ వస్తుంది" అంది. వస్తుందట.

మనుషుల్ని తప్పించుకోవడానికి మేం ఎడారులు పట్టుకు తిరిగాం, ఇప్పుడు వేలి కొసతో తుడిచేస్తున్నారు, అంత సులువైపోయింది. అండూ చెయ్యమని ఫోను తిరిగి ఇవ్వబోతూ మరోసారి చూస్తే, పిల్ల వేలు మనిషిని తుడిచింది గానీ కాళ్ళ దగ్గరిది వదిలేసినట్టుంది. వెలుగు పడుతున్న ఇసుకమీద, నట్టనడుమ, తెల్లగా టిష్యూ ప్యాకెట్టు అలాగే ఉంది. ఈ ఊళ్ళో దాన్ని ఎవరూ ముట్టుకోరు.