కడగని బ్రష్

నీటి పరీక్షల ల్యాబ్‌లో ఆమెను అందరూ నాచు మేడమ్ అనేవారు. కొండవాగుల్లో రాళ్లకు పట్టే గోధుమరంగు జిగురంటే ఆమెకు ప్రాణం. ఆ జిగురులో కంటికి ఆనని డయాటమ్‌లుంటాయి. నాచు జాతివే గానీ, ఒక్కోదానికి ఒక్కో తీరు గీతలున్న గాజు పెంకు. పళ్లు తోముకునే బ్రష్‌తో రాయి గీకి, జిగురును సీసాలో పట్టి, యాసిడ్‌లో ఉడికించి, మిగిలిన పెంకులను మైక్రోస్కోపులో చూసేది. కాఫీ కూడా కూర్చుని తాగని తొందర మనిషి, ఆ గీతల ముందు మాత్రం పూటలకు పూటలు కదిలేది కాదు.

వాగులకు చెల్లెలు తోడెళ్లేది. ఒకసారి పొద్దున కొండకు ఇవతలి వాగులో గీకి, మధ్యాహ్నం అవతలి వాగుకు చేరేసరికి వాన ముంచుకొస్తోంది. కొత్త బ్రష్ బండిలో ఉంది, ఒక్క నిమిషంలో తెస్తానంది చెల్లెలు. అక్క వింటేగా! పొద్దుటి బ్రష్‌తోనే గబగబా నాలుగు రాళ్లు గీకేసింది.

ల్యాబ్‌కు వచ్చాక ముందు ఆ రెండో వాగు సీసానే తెరిచింది. అందులో ఎవరూ ఎరగని డయాటమ్ ఒకటి కనబడింది. ఇక ఒళ్లు తెలియలేదు. మొదటి సీసాను బీరువాలోకి నెట్టేసి, కొత్తదాని బొమ్మలు గీసి, కొలతలు రాసి, అవతలి వాగే దాని సొంతూరని ప్రకటించింది. సొంత పేరు పెట్టుకోవడం మర్యాద కాదు కనుక చెల్లెలి పేరుకు లాటిన్ తోక తగిలించింది. చెల్లెలికి పట్టపగ్గాల్లేవు. పట్టుకుంటే వదలని జిగురుకు మా ఆవిడ పేరు భలే కుదిరిందని ఆమె మొగుడు ఏడిపించేవాడు.

తర్వాత కొన్నేళ్లకు కొండ దగ్గర రోడ్డు వెడల్పు చేయాల్సి వచ్చింది. ఏ వాగును వదిలేయాలని అధికారులు అడిగితే, అవతలిదాన్ని ముట్టుకోవద్దని అక్క గట్టిగా చెప్పింది. ఇవతలి వాగును పైపుల్లోకి మళ్లించి, పైన కాంక్రీటు పోశారు. మనది బతికిపోయిందని అక్కాచెల్లెళ్లు సంబరపడ్డారు.

అయితే అవతలి వాగులో ఎన్నిసార్లు గీకినా అది మళ్లీ దొరకలేదు. వెళ్లిన ప్రతిసారీ చెల్లెలిది ఒకటే ప్రశ్న. "ఈసారైనా నన్ను నాకు చూపిస్తావా?"

రిటైరయ్యే ముందు బీరువా సర్దుతుంటే మొదటి సీసా బయటపడింది. పారేసే ముందు ఒకసారి చూద్దామనుకుంది. చూస్తే ఎక్కడ చూసినా చెల్లెలి పేరున్నదే. ఇవతలి వాగుదాన్ని బ్రష్ అవతలికి మోసుకెళ్లిందన్నమాట. కాపాడాననుకున్న దాన్ని అక్క తన నోటితోనే పూడ్పించింది.

మరునాడు చెల్లెలిని పిలిపించి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

"అబ్బో, ఇంతమందిమి ఉన్నామా? ఎక్కడ దొరికాం? ఎప్పుడు వెళ్దాం అక్కా?"

అక్క ఉన్నదంతా చెప్పేసింది. చెల్లెలు నోరారా తిడితే బాగుండుననిపించింది. ఆమె మాత్రం మైక్రోస్కోపు మీంచి కన్ను తీయలేదు.

"ఆ రోజు కొత్త బ్రష్ బండిలోనే ఉంది కదక్కా," అంది.