చిత్రావతికి కుట్టిన చీర

నిన్న పాత ట్రంకు పెట్టె మూత తీయగానే వస కొమ్ము వాసన గుప్పుమంది. అడుగున, పసుపు రంగుకు తిరిగిన వార్తాపత్రికల కట్ట ఒకటి ఉంది. రాగి గంజితో ఒకదానికొకటి అంటించిన ఆ కాగితాల మీద బొగ్గు గీతలు, వాటిని దాటుకుంటూ పోయిన ఎర్రమన్ను గీతలు, మడతల మధ్య చుట్టి పెట్టిన పసుపు పూసిన నూలు పోగు. మనవరాళ్లకు అది చెత్త. నాకు మాత్రం ఇప్పటికీ చేతులు కడుక్కుని గానీ ముట్టుకోబుద్ధి కాదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. యుద్ధం రోజులు, కొత్త గుడ్డ కంటికి కనబడేది కాదు. బాగేపల్లిలో మా తాత అమ్మవారి గుడి అర్చకుడు. ప్రతి శుక్రవారం పొద్దున, మూరెడు విగ్రహానికి పదహారు మూరల చీరను ఆయన ఎట్లా కట్టేవాడో ఎన్నిసార్లు చూసినా నాకు అంతు చిక్కేది కాదు. వేలి మీద వేలు కదిలేది, కుచ్చిళ్లు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చేవి, అంత పెద్ద చీరా ఎక్కడికో మాయమై అమ్మవారు మాత్రం మిగిలేది. ఆ చీరకు కత్తెర తగలకూడదు, సూది గుచ్చకూడదు. గుడి తెరలకు, గొడుగుకు మాసికలు వేయడం తప్ప తాత గుడ్డ కోసిన మనిషి కాడు.

ఆ ఏడు అనపకాయల కాలంలో, మంచుకు తడిసిన కాయల వాసన ఊరంతా కమ్ముకుని, పొద్దున సంగటిలోకి, రాత్రి అన్నంలోకి నానిన అనపగింజల తోలు ఒలిచిన పితికిపప్పు తప్ప మరో కూర ఎరగని రోజుల్లో, మా కన్నడ బడి మేష్ట్రు మన సీమ నదుల మీద కన్నడంలోనే ఒక నాటకం రాశారు. అందులో నేను మా ఊరి ఏరు చిత్రావతి. బెంచీల మీద బెంచీలు పేర్చి కొండ చేస్తారు, నేను దాన్ని దిగి రావాలి. ఒంటి నిండా నీళ్లు జారినట్టు కుచ్చిళ్లు ఉండాలని, చీర కట్టుకుంటే దిగేటప్పుడు ఊడుతుంది గనక కుట్టించుకు రమ్మని, లేకపోతే పాత్ర ఇంకొకరికి ఇస్తానని మేష్ట్రు తేల్చి చెప్పారు. ఏడుస్తూ తాత వేలు పట్టుకుని దర్జీ దగ్గరికి వెళ్లాను.

"ఇట్లా కుచ్చిళ్లు కుట్టేది నాకు రాదు సామీ," అని దర్జీ నవ్వాడు. "అమ్మవారికి దినామూ కడ్తాండారే, మీరే చూడండి. కావల్లంటే కత్తెర ఇస్తా."

తాతకు రోషం పొడుచుకొచ్చింది. కత్తెర తెచ్చాడు.

తక్లి మీద తను వడికిన పోగుతో నా భుజం, నడుము, నిలువు కొలిచి ముడులు వేశాడు. అవ్వ పక్కన కూర్చుని పప్పు పితుకుతుంటే కాగితాలు అంటించి, వాటిని ఒకసారి మడిచి, ఒకసారి విప్పి, ఏ మడత ఎక్కడ పడాలో బొగ్గుతో గీశాడు. మూడు రోజులు నేను ఆటలకు కూడా పోలేదు. అంగుళాలు తెలియని మనిషి, చీర పుట్టుకను కాగితం మీదకి దించుతుంటే నోరు తెరుచుకుని చూశాను.

ఇంట్లో ఉన్న మంచి గుడ్డ అవ్వ పెళ్లినాటి నెమలికంఠం రంగు పట్టుచీర ఒక్కటే. తాత కత్తెర కింద పెట్టేశాడు.

"నేనింగ అది కట్టుకొని యాడికి పోవల్ల? కొయ్యండి," అంది అవ్వ, తల ఎత్తకుండానే.

కుట్టడం అయ్యాక తొడిగితే ఒళ్లంతా కుచ్చిళ్లు, భుజం మీంచి వీపు నిండా జరీ కొంగు. అవ్వ దిష్టి తీసింది.

"ఏదీ, నడువమ్మా," అన్నాడు తాత.

కాలు కదలలేదు. మోకాళ్లు కట్టేసినట్టున్నాయి. ఇంకోసారి ప్రయత్నించి బొక్కబోర్లా పడ్డాను.

తాత నేల మీద కూలబడ్డాడు. "అమ్మవారు నడిచేది లేదు గదమ్మా. నడిచేదానికి కొలత తీయల్లని నాకు తోచనే లేదు."

ఇక గుడ్డ లేదు. నాటకం ఎల్లుండి. పోయింది, అవ్వ చీరా పోయింది, చిత్రావతీ పోయింది అనుకున్నాను.

కాసేపటికి తాత లేచి, నా పాదాలు తడిపి, ఎర్రమన్నుతో అలికిన నేల మీద నడవమన్నాడు. ఈ మడమ అచ్చు నుంచి ఆ మడమ అచ్చు దాకా పోగు పరిచి, రెండు కొత్త ముడులు వేశాడు. కాగితం మీద ఎర్రమన్నుతో మళ్లీ గీశాడు. తరువాత, అన్నిటికన్నా అందమైన ఆ జరీ కొంగును భుజం మీంచి తీసేసి, మోకాళ్ల దగ్గర కుట్లు విప్పి, కుచ్చిళ్ల సందుల్లో లోపలి మడతలుగా దాచి కుట్టాడు. ఎవరికీ కనబడకుండా పోయిందే అని నేను అలిగాను.

నాటకం రోజు బెంచీల కొండ మీద నిలబడితే ఒట్టి నీలం చీరే. మొదటి అడుగు వేశాను, మడత విచ్చుకుని జరీ తళుక్కుమని మళ్లీ దాక్కుంది. అడుగడుగునా అదే. ఎండలో ఏరు కదిలినట్టు నా కాళ్ల కింద వెలుగు. పిల్లలు గోల మానేశారు. నేనూ నా కాళ్లనే చూసుకుంటూ దిగాను. గోడ పక్కన నిలబడిన తాత, నేను మనవరాలినని మరిచిపోయాడో, గుడిలో అలవాటో, రెండు చేతులూ జోడించి ఉన్నాడు.

తాత లేడు, అవ్వ లేదు. ఆ పట్టు మడతల దగ్గర చిట్లి చిట్లి పొడి అయిపోయింది. చిత్రావతిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. మిగిలింది ఈ కాగితాలూ, పోగూ.

నిన్న గది తలుపు వేసుకుని, ఆ పోగును నేల మీద పరిచాను. గోడ పట్టుకుని, తాత అడుగు కొలిచి వేసిన రెండు ముడుల్లో మొదటి దాని దగ్గర మడమ ఆనించి, రెండో కాలు ఎత్తి ముందుకు వేశాను. తొమ్మిదేళ్ల పిల్ల అడుగుకు వేసిన ముడులవి. రెండో ముడికి ఇంకా జానెడు దూరం మిగిలిపోయింది.