చెప్తే పోతది

నవ్వనంటేనే చెప్తా. మొన్నామధ్య మా స్లాబ్ మీది గదిని నా చేతులతోని నేనే ఒక దొంగకు అప్పజెప్పిన. ఆ గది ఇంకా కట్టనేలేదు, అది వేరే సంగతి!

సిరొంచ బస్టాండు దగ్గర నాకొక ఆన్‌లైన్ సెంటర్ ఉన్నది. ఆధార్ దిద్దాలన్నా, పొలం హక్కు కాయితం సాత్‌బారా తీయాలన్నా అందరూ నా దగ్గరికే వస్తరు. గోడ మీద మరాఠీల ఒకటి, తెలుగుల ఒకటి పెద్ద కాయితాలు అంటించిన. 'ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు' అని. రాసింది నేనే. కింద ఎర్ర గీత గూడ గీసిన.

ఇగ నాకొక పిచ్చి ఉన్నది. మా స్లాబ్ ఎక్కితే చెట్ల మీదికెళ్లి ప్రాణహిత కనిపిస్తది. పొద్దుగూకేటప్పుడు నీళ్ల మీద ఎండ పడితే నది ఎక్కడ అయిపోతదో, అవతలి తెలంగాణ ఎక్కడ మొదలైతదో తెలవదు. అక్కడ నాకు ఒక్క గది కావాలె. చిన్నదే. ఒక మంచం, నది దిక్కు ఒక కిటికీ. సెంటర్ల మిగిలిన పైసలన్నీ దానికే దాచుకుంట వచ్చిన.

గడ్చిరోలిల ఉద్యోగం చేసే మా తమ్ముడు రాఖీకి వచ్చిండు. "అక్కా, బ్యాంకుల పండబెడితే ఏం పెరుగుతయి? జర కాయిన్లు కొను" అన్నడు. దాచుకున్న పైసలతోని కాయిన్లు కొనిపిచ్చి, నా ఫోన్ల క్రిప్టో వాలెట్ పెట్టిచ్చిండు. అది పన్నెండు ఇంగ్లీషు మాటలు చూపెట్టింది.

"ఇవే తాళంచెవి. ఫోటో తీయకు, నోటికి నేర్చుకో. దేవుడొచ్చి అడిగినా చెప్పకు."

ఆ మాటలేందో మీకు చెప్పినా ఇప్పుడు నష్టం లేదు తీయండి. రివర్, మ్యాంగో, ల్యాడర్, విండో, క్లౌడ్, మూన్... నాకు గుండె ఝల్లుమన్నది. ఇది నా గదే కదా! నది పక్కన మామిడి చెట్టు, నిచ్చెన ఎక్కుతున్న, కిటికీ తీస్తున్న, మబ్బు జరిగితే చందమామ వస్తున్నడు. ఇంక వరుస మరిచిపోయే ముచ్చటే లేదు. రొట్టెలు చేసుకుంట, బట్టలు ఆరేసుకుంట ఒకటే గొణుగుడు.

మా అత్తమ్మ కొన్ని దినాలు చూసింది. ఆగలేకపోయింది.

"ఏ గురువు చెప్పిండే బిడ్డా ఈ మంత్రం?"

"మంత్రం గాదత్తమ్మా."

"మరి ఏంది? నాకు గూడ చెప్పు. రాత్రి నిద్ర పడ్తలేదు."

"చెప్పొద్దు. చెప్తే పోతది."

ఇంకేముంది, అది మంత్రమేనని ఆమె ఖాయం చేసుకున్నది. తర్వాత ఎన్నిసార్లు అడిగిందో! బతిమాలింది. ఒక పూట అలిగి అన్నం గూడ తినలే. అయినా నేను చెప్పలే. నా కట్టుదిట్టం చూసి నాకే ముచ్చటేసింది.

కాయిన్ల రేటు పెరిగింది. గదికి సరిపడా అయినయి. మేస్త్రీతోని మాట్లాడిన. ఇగ కర్టెన్ నీలందా, లేత పసుపుదా అన్నదొక్కటే తేలలే.

పోయిన నెల ఒక మధ్యాహ్నం సెంటర్ల ఎవ్వరు లేరు. బయట సన్నగ వాన. కాయిన్లు అమ్ముదామని వాలెట్ తెరిస్తే తెరుచుకోలే. మా దగ్గర ఫోనుకు ఎప్పుడూ పరేషానే, మహారాష్ట్ర టవర్ పట్టుకోవాల్నా, తెలంగాణ టవరా అని. సరే, సెంటర్ కంప్యూటర్ల వాలెట్ పేరు కొట్టి గూగుల్లో వెతికిన. అన్నిటికన్న పైన ఒక వెబ్‌సైట్ వచ్చింది. అదే రంగు, అదే బొమ్మ. 'మీ వాలెట్ ఆగిపోయింది, ఈరోజే వెరిఫై చేయకుంటే కాయిన్లు లాక్ అవుతాయి' అని ఇంగ్లీషుల ఉన్నది. కింద పన్నెండు ఖాళీ గడులు.

అనుమానం రావాలె గదా? వచ్చేదే. కాని రివర్ అని కొట్టంగనే నది కనిపించింది. ల్యాడర్ కొట్టంగనే పైకి ఎక్కిన. విండో దగ్గరికి వచ్చేసరికి నీలం కర్టెన్ గాలికి ఊగుతున్నది! నేను సెంటర్ల లేను, నా గదిల ఉన్న. చివర్ల అంబ్రెల్లాకు ఒక అక్షరం తక్కువైతే ఎర్ర గీత పడ్డది. అయ్యో పాపం అనుకొని, దిద్ది మరీ ఇచ్చిన.

చక్రం తిరిగింది. తిరిగింది. 'థాంక్యూ' అన్నది. కాసేపటికి నా అసలు వాలెట్ దానంతట అదే తెరుచుకున్నది. లోపల సున్న.

తమ్మునికి ఫోన్ చేసిన.

"ఏ సైట్ల కొట్టినవక్కా? పేరు అక్షరం అక్షరం చదువు."

చదివిన. ఒక అక్షరం ఎక్కువున్నది.

"దొంగ సైటక్కా అది. పైసలు కట్టి యాడ్ పెడతరు, అందుకే పైన వస్తది. వెరిఫై చేస్తమని ఆ మాటలు అడిగినోడు ఎవడైనా దొంగనే. పోయినయి. ఇగ రావు."

సైబర్ హెల్ప్‌లైన్‌కు చేసిన. రోజూ అందరికీ నేనే రాసిచ్చే నంబరది. అవతలి ఆమె మరాఠీల అన్నీ అడిగి, ఆఖరికి "ఏం పని చేస్తరు తాయీ?" అన్నది. ఆన్‌లైన్ సెంటర్ అన్న. ఆమె అది గూడ రాసుకున్నది. నేను గోడ మీది కాయితాన్ని చూస్తున్న, అది నన్ను చూస్తున్నది.

ఇంట్ల చెప్తుంటే ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. మా ఆయన తల పట్టుకొని కూసున్నడు. తర్వాత మెల్లగ, "కట్టకముందే దొంగలు పడ్డ ఇల్లు ఊళ్లె మనదొక్కటే" అన్నడు. అత్తమ్మకు మాత్రం పైసల సంగతి ఎక్కనేలేదు.

"మంత్రం ఎవ్వనికో చెప్పినవా?"

"చెప్పిన అత్తమ్మా."

"ఎవ్వనికి?"

"తెల్వదు. ముక్కూ మొగం ఎరుగను."

"నేను గన్ని దినాలు అడిగితే చెప్పలే!"

ఆ మాట పైసలు పోయినదానికన్న ఎక్కువ గుచ్చుకున్నది. ఆ సాయంత్రమే వాన తగ్గినంక ఆమెను స్లాబ్ మీదికి తీసుకపోయి, చాప పరిచి, పన్నెండూ నేర్పిన. ఒక్కొక్కదానికి అర్థం గూడ చెప్పిన. అగో నది. అగో మామిడి చెట్టు. ఇగో, ఇక్కడ కిటికీ ఉండేది అత్తమ్మా.

ఇప్పుడు రోజూ పొద్దుగూకంగనే ఇద్దరం అక్కడే. "రివరూ, మ్యాంగో, ల్యాడరూ, యిండో..." మూన్ దాక వచ్చేసరికి ఆమె కునుకు తీస్తది. నిద్ర మంచిగ పడుతున్నదట! గోడలు లేవు గని, నది మీది గాలి మాత్రం బ్రహ్మాండంగ వస్తది.

నిన్న పక్కింటి రాజక్క వాళ్ల స్లాబ్ మీదికెళ్లి తొంగి చూసింది. "ఏం మంత్రం వదినా? జర నాకు గూడ చెప్పు."

అత్తమ్మ కండ్లు తెరవకుండనే, "చెప్పొద్దు. చెప్తే పోతది" అన్నది.

పోవడానికి ఇంకేం మిగిలిందత్తమ్మా అని నా నోటిదాక వచ్చింది. ఆపుకున్న. ఈ ఒక్క మాటన్న దాచుకోవాలె గదా!