బోటు బేటరీకి నేను చేసిన చలవ వైద్యం

"ఏటే, బేటరీకి సార్జింగెట్టినావా నేదా?"

"ఎట్టినాను మావా. వారం వారం ఎట్టినాను."

"ఎడితే ఇలగ సచ్చినట్టు పడుంటాదేటి? రేపు తెల్లారగట్ల ఊరంతా ఏటకెల్తాది. నానేటి, ఒడ్డున కూకుని గవ్వలేరుకోవాలా?"

"నన్నడిగితే నాకేటి తెలుసు? సెప్పిందల్లా సేసినాను."

"ఇంట్లో ఉన్నదానివి, ఒక్క బేటరీని సూసుకోనేవా?"

అరుస్తున్నవాడు నా కొడుకు సింహాద్రి. మాటలు పడుతున్నది నా కోడలు గౌరి. వరండాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ, "నానూ అదే అంటన్నాను బాబూ, ఈ కాలపు ఆడోలికి వస్తువుల మీద సెద్దేదీ?" అని మంటలో కిరసనాయిలు పోస్తున్నది నేను.

ఆ బేటరీని చంపింది కూడా నేనే. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలిశాక చేసింది ఇంకా ఘోరం. మీరు నవ్వుకోండి, నాకేమీ కోపం లేదు. నవ్వడం అయ్యాక నన్ను నాలుగు తిట్టడం మాత్రం మరిచిపోకండి.

మూడేళ్ల కిందటి మాట. మా తీరంలో వేసవిలో రెండు నెలలు వేట బందు. బోట్లను ఇసుక మీదికి లాగేసి, బేటరీలు విప్పి ఇంటికి తెచ్చుకుంటారు. బోటులో లైటుకీ, దారి చూపించే జీపీఎస్‌కీ, ఒడ్డుతో మాట్లాడే సెట్టుకీ బేటరీయే ప్రాణం. ఊరికే వదిలేస్తే పాడైపోతుంది. అప్పుడప్పుడూ ఛార్జింగ్ పెట్టాలి, లోపల తగ్గితే మూతలు విప్పి బేటరీ నీళ్లు పోయాలి. సింహాద్రి ఈ పని గౌరికి అప్పగించాడు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నేను చదివింది మూడో తరగతే అయినా, ఉప్పు డబ్బా మూత తియ్యాలన్నా నా చెవిన వెయ్యాల్సిన ఇంట్లో, నాకు తెలియకుండా ఒక పెంపకం!

ఒకరోజు గౌరి అంది, "అత్తా, బేటరీ నీళ్లైపోనాయి. కాశీబుగ్గ ఎల్లినప్పుడు ఓ సీసా కొనాల."

"నీళ్లు కొంతావా? మన నూతికేటైనాది?"

"నూతి నీళ్లు పనికిరావత్తా. సుద్దమైనయే పొయ్యాలంట."

కిడ్నీలు పోతున్నాయని, మా ఉద్దానం నీళ్లు మనుషులకే మంచివి కావంటున్నారు కదా, అంతవరకూ నమ్మాను. కానీ నీళ్లు కొనడమన్న మాట నా గొంతులో చేపముల్లులా అడ్డం పడింది.

ఆ వారం గౌరి జలంత్రకోటలో పుట్టింటికి వెళ్లింది. ఛార్జింగ్ నేనే పెట్టాను. కాసేపటికి చూద్దును కదా, లోపల గుళగుళమని ఒకటే చప్పుడు, కడుపులో వాయువు చేరినట్టు! పసిబిడ్డ నుదుటి మీద వేసినట్టు దాని మీద చెయ్యి వేశాను. వెచ్చగా కాగుతోంది. ఇంకేముంది, వేడి చేసింది!

వేడి చేస్తే ఏం ఇస్తాం? మీరే చెప్పండి. మనిషి చెయ్యి తగలకుండా, దుమ్ము సోకకుండా దేవుడు కాయలో సీలు వేసి మా పెరట్లో వేలాడదీసిన నీళ్లుండగా, అంతకంటే శుద్ధమైనవి కాశీబుగ్గలో దొరుకుతాయా? శుద్ధమూ అవే, చలవా అవే. లేత బొండాలు రెండు కొట్టాను. చెంగుతో మూడుసార్లు వడకట్టాను. ఆరు మూతలు విప్పి, ఆరు నోళ్లకీ ఉగ్గుగిన్నెతో పట్టాను. చిన్నప్పుడు సింహాద్రికైనా అంత ఓపిగ్గా పట్టలేదు.

గౌరి తిరిగొచ్చి, పక్కన పడి ఉన్న బొండాల డొక్కలు చూసి నేను తాగాననుకుంది. "బేటరీలో నీళ్లు సూసినావా అత్తా?" అంటే, "నిండుగా పోసినాను. నువ్వు కొనీవాటికంటే సుద్దమైనయి" అన్నాను గర్వంగా.

ఇక ఆ గొడవ జరిగిన సాయంత్రానికి వద్దాం. బోట్లన్నీ చూసుకుంటూ కాశీబుగ్గ మెకానిక్కు మా ఇంటికొచ్చాడు. ఒక మూత విప్పాడు. ముక్కు మూసుకున్నాడు.

"ఇదేటి బావా, బేటరీయా, కల్లుకుండా?"

లోపల గోధుమరంగు నురుగు. మూత అడుగున అతుక్కున్న తెల్లటి పొర ముక్కని పుల్లతో తీసి చూపించాడు. మూడుసార్లు వడకట్టినా జారిపోయిన లేత కొబ్బరి!

"బొండం నీళ్లు పోసినారు. ఎవులో గాని, సెలైన్ ఒక్కటే ఎక్కించనేదు! ఇది బాగవదు బావా. కొత్తది కావాల. రేపు కొట్టు తీసినాకే."

సింహాద్రి గౌరి వైపు తిరిగాడు. "ఇదేనేటి మీ పుట్టింటోలు నేర్పింది?"

గౌరి నా వైపు చూసింది. ఒక్కసారే. నేను తలొంచుకుని, అప్పటికే ఏరేసిన బియ్యంలో మళ్లీ రాళ్లు వెతికాను. గౌరి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం తినలేదు. నేను తిన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

మర్నాడు తెల్లవారేసరికి ఊళ్లో బోట్లన్నీ సముద్రంలో ఉన్నాయి. మా గుమ్మంలోంచి చూస్తే ఇసుక మీద మాది ఒక్కటే మిగిలింది. రెండు నెలలు వేట కోసం కాచుకున్న నా కొడుకు, వాకిట్లో చచ్చిన బేటరీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. గౌరి కళ్లాపి చల్లుతోంది. ఇక ఉండబట్టలేకపోయాను.

"నానే పోసినాన్రా."

"ఏటి?"

"బొండం నీళ్లు. దానికి వేడి సేసిందని."

వాడు ఆకాశం కేసి చూశాడు, సముద్రం కేసి చూశాడు, చివరికి నా కేసి చూశాడు. "వేడి సెయ్యడానికి అది మనిసేటమ్మా!" అని గౌరి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"మూత తీసినప్పుడే తెలిసినాది."

"మరి నిన్ననే సెప్పనేదేటి?"

"సెప్తే నమ్ముదువేటి?"



అప్పుడు నేను లేచి, చెంగు బొడ్లో దోపి, ఆ బేటరీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. "గంగమ్మ తల్లి సాచ్చిగా సెప్తన్నాను. దాహమేత్తందని నోరిప్పి అడగనేని దేనికీ ఈ జన్మలో బొండం నీళ్లు పట్టను. నా తప్పుకి గౌరి మాటలు పడుతుంటే మల్లీ బియ్యమేరుకుంటా కూకోను."

"సెయ్యి తియ్యత్తా," అంది గౌరి. "ఆసిడుంటాది."

తీశాను. గౌరి చెంబుతో నీళ్లు పోసింది, నేను చేతులు కడుక్కున్నాను. సింహాద్రి బేటరీని బండికి కట్టుకుని కాశీబుగ్గ వెళ్లాడు.