చెంపదెబ్బ తిని అన్నం పెట్టాడు

లేదు, ఆ రోజు నా చుట్టూ చేరినవాళ్లు రౌడీలు కాదు! ఎన్నిసార్లు చెప్పినా నా ఫ్రెండ్స్ వినరు.

తెలంగాణ ఉద్యమం రోజులు. టీవీలో పదేపదే వేసే విదేశీ కార్ల షో చూసి, హైదరాబాద్‌లో ముగ్గురం తలా ఒక డొక్కు కారు కొని, కోరుట్ల దాకా పందెం కట్టాం. షోలో లాగే, ఎవరి కారు ఆగితే వాణ్ణి వదిలేసి పోవాలి. సిరిసిల్ల దాటాక నాది పొగలు కక్కింది. ఎదురుగా రోడ్డుకు అడ్డంగా ఉద్యమకారుల వంటావార్పు నిరసన. ఫ్రెండ్స్ హారన్ కొట్టి పక్కదారిలో వెళ్లిపోయారు.

నేను ఫోన్‌లో వీడియో తీస్తూ, "రోడ్డు మీద వంటలేంటి?" అని అరిచి, బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చేయి వేశాను. ఒకాయన పరుగెత్తుకొచ్చి నా చేయి పట్టుకున్నాడు. కొడతాడనుకుని, చేయి విడిపించుకుని నేనే ఆయన చెంప మీద కొట్టాను. అందరూ లేచారు. నా చుట్టూ చేరారు.

"ఇంకోటి కొట్టు తమ్మీ, గని మూత తియ్యకు. మసిలే నీళ్లు మొఖం మీద పడ్తయి," అన్నాడాయన. ఆయన మెకానిక్ ఖాజా భాయ్ అని తర్వాత తెలిసింది. "ఇంజన్ సల్లబడేదాంక గింత బువ్వ తిను."

తలెత్తకుండా తిన్నాను. వంటకు తెచ్చుకున్న నీళ్లే రేడియేటర్‌లో పోసి, స్టార్టయ్యేదాకా కారు తోశారు.

నన్ను వదిలేసినవాళ్లు ఫ్రెండ్స్, అన్నం పెట్టినవాళ్లు రౌడీలా? మీరైనా అలా అంటారా, చెప్పండి?