ఎట్టు నడక

ఆషాఢంలో రెండో మంగళవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు నాకు మొదటిసారి గుండెదడ వచ్చింది. ఒంగోలు వదిలి చింతాద్రిపేటలో వదిన దగ్గరికి చేరి అప్పటికి నాలుగు నెలలు. గుండెలో లోపమేమీ లేదు, ఆందోళనే, రోజూ నడవమన్నారు డాక్టరు. పార్కులో ఎనిమిది అంకెలా వేసిన బాట దగ్గరికి వదిన నన్ను తీసుకెళ్ళింది.

“ఈడ ఎట్టు నడవాల.”

“ఎట్టు నడవాలో మీరే చెప్పండి.”

వదిన నవ్వింది. “ఎట్టాగని కాదమ్మే. అరవంలో ఎట్టంటే ఎనిమిది. అడుగు మీద మనసు పెట్టు. లెక్కబెట్టబాక.”

నేను మాత్రం రోజూ ఇరవై ఒక్క చుట్లు లెక్కపెట్టేదాన్ని. చెరో కొస నుంచి బయల్దేరి, బాటలు కలిసేచోట ఎదురుపడేవాళ్ళం. రెండు నెలల్లో దడ తగ్గింది.

ఒకరోజు పద్నాలుగో చుట్టులో వదిన ఎదురు రాలేదు. ఆగితే లెక్క తప్పుతుందని ఇరవై ఒకటీ పూర్తిచేసి వెతికాను. వేపచెట్టు చాటున బెంచీ మీద ఒరిగిపోయి ఉంది. ఊపిరి లేదు.

దడ మళ్ళీ వచ్చింది. ఇప్పుడూ రోజూ నడుస్తున్నాను, లెక్కపెట్టడం లేదు. పోయినవి: వదిన, ఆమె నడవని ఎనిమిది చుట్లు, ఆమెను వెతక్కుండా అవి నేను నడిచిన పన్నెండు నిమిషాలు.