నలభై ఒకటో నంబరు చేసిన పని

సుత్తి అని అతనికి పేరు పెట్టింది ఫ్యాక్టరీలో తోటి ఫిట్టర్లు. నోరు విప్పితే వదలడని కాదు, అసలు నోరే విప్పడు. మాట రావలసిన చోట చెయ్యి వచ్చేది. ఒకసారి క్యాంటీను వరసలో ముందుకు దూరినవాణ్ణి పళ్ళెంతో ముఖాన కొట్టాడు. ఇంకోసారి ఒక వెల్డరు దవడ పక్కకు జరిపాడు. ప్రతిసారీ వాళ్ళ అన్నే పరుగున వచ్చి విడదీసేవాడు. "ఒరేయ్, చాలు" అని అన్న అంటే చాలు, లేచిన చెయ్యి దిగేది. ఇంకెవరు చెప్పినా దిగేది కాదు.

ఆ అన్న బాయిలరు పేలి చనిపోయాడు.

పట్టపగలు, పదకొండు దాటి రెండు నిమిషాలు. సుత్తి వర్క్‌షాపులో ఒక పైపు బిగిస్తున్నాడు. చప్పుడు వినిపించలేదు, గోడ వచ్చి మీద పడింది. లేచేసరికి ఒక చెవి పని చెయ్యడం లేదు, పైకప్పు రేకులు ఆకాశంలో కాగితాల్లా తిరుగుతున్నాయి. ఆవిరిలో తడుముకుంటూ వెళ్ళి అన్నను బూట్లను బట్టి గుర్తుపట్టాడు. చెయ్యి పట్టుకుని లాగితే చర్మం చేతొడుగులా ఊడి పిడికిట్లోకి వచ్చింది. అన్న అప్పటికింకా బతికే ఉన్నాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర పోయాడు.

మొత్తం ఏడుగురు. అందులో బాయిలరు నడిపే మేస్త్రీ ఒకడు.

సాయంత్రం గేటు దగ్గర గుమిగూడిన జనానికి షిఫ్టు మేనేజరు ఒకే ముక్క చెప్పాడు. మేస్త్రీ మంట ఆపకుండా కునుకు తీశాడని. చచ్చినవాడు లేచి కాదనలేడు కదా. ఆ ముక్క పట్టుకుని యాభైమంది మేస్త్రీ ఇంటి మీదకు వెళ్ళారు. అందరికంటే ముందు సుత్తి ఉన్నాడు.

మేస్త్రీ భార్య గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. సుత్తి ఇనుపరాడ్డుతో కొట్టాడు. మోచేతి దగ్గర ఎముక విరిగిన చప్పుడు పనిచేసే చెవికి స్పష్టంగా వినిపించింది. ఆమె పడిపోయాక వెనకున్నవాళ్ళు కిరోసిన్ పోశారు. ఎవరో పొరుగావిడ ఆమెను ఈడ్చుకుపోయింది. తొమ్మిదేళ్ళ కూతుర్ని పెరటిగోడ మీంచి అవతలికి దాటించింది. ఇల్లు గంటలో బూడిదైంది. పోలీసులు గుర్తు తెలియని జనం పని అని రాసుకుని ఊరుకున్నారు.

ఫ్యాక్టరీ మూతపడింది. సుత్తి చేతికొచ్చిన పనల్లా చేసి, చివరికి పాడైన కంప్యూటర్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. మిగతావాళ్ళు ఇంక లాభం లేదన్న డిస్కుల్లోంచి ఫొటోలూ కాగితాలూ బయటికి తీయడంలో చెయ్యి తిరిగింది. మెట్ల కింద చిన్న దుకాణం పెట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. కోపం పోలేదు గానీ మనుషుల మీంచి గోడల మీదకు మళ్ళింది. దుకాణం వెనకగోడ సున్నం నాలుగుచోట్ల పిడికిలి లోతున రాలిపోయి ఉండేది.

పందొమ్మిదేళ్ళు గడిచాక ఒక ఉదయం ఒకామె బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో పదకొండు సీడీ డిస్కులు. ఫ్యాక్టరీ ఆఫీసు పడగొడుతుంటే పాతసామాన్ల కొట్టుకు చేరాయట. ఫైలు పేర్ల చివర ఎవరికీ తెలియని మూడక్షరాలున్నాయి, ఏ ప్రోగ్రాములోనూ తెరుచుకోవు. మూడు షాపులవాళ్ళు చేతులెత్తేశారు.

"ఇవి బాయిలరు మెషీను రాసుకున్న లెక్కలు అన్నా," అంది. "మా నాన్న నిద్రపోయాడో లేదో ఇందులో ఉంటుంది."

ఆమె మేస్త్రీ కూతురని సుత్తికి తెలిసింది. డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. జాలితో కాదు. ఇందులో ఉండేది మేస్త్రీ నిద్రే అని అతని నమ్మకం. అది కాగితం మీద రాసి ఈ పిల్ల చేతిలో పెట్టాలని, ఆ ముఖం చూడాలని ఒప్పుకున్నాడు.

డిస్కులకు మచ్చలు పట్టాయి. మెత్తటి గుడ్డ తడిపి మధ్యనుంచి అంచుకు తుడిచాడు. గుండ్రంగా రుద్దితే పడే గీత రాత వెంబడే పోయి దాన్ని చెరిపేస్తుంది. ఎన్ని డ్రైవులు మార్చినా కొన్ని మొరాయించాయి. చివరికి నెమ్మదిగా తిరిగే ఒక పాతడ్రైవు ఎనిమిదింటిని చదివింది. నకలు తీసుకుని ఆ నకలు మీదే పని మొదలుపెట్టాడు. తెర నిండా అంకెలు, తలా తోకా లేవు. రెండు వారాలు కూర్చున్నాక తెలిసింది, పదహారు అంకెలకోసారి ఒకే పోలిక తిరిగొస్తోందని. అందులో ఒక అంకె పెరుగుతూ తగ్గుతూ ఉంది. దాన్ని గీతగా గీస్తే కొండల మధ్య లోయల్లా వచ్చింది, ప్రతి ఆరు కొండలకూ ఒక పెద్ద లోయ.

ఆ లోయ ఆదివారం. ఆదివారం బాయిలరు చల్లార్చి మేస్త్రీ లోపలికి దూరి మడ్డి గోకేవాడు, ఫిట్టర్లు వాషర్లు మార్చేవారు. ఈ సంగతి తెలియకనే మిగతా షాపులవాళ్ళు ఓడిపోయారు. పెరిగే అంకె ఆవిరి ఒత్తిడి. పక్కది టైము. చివరిది మనిషి నంబరు, ఎందుకంటే ఎవరైనా ముందు తమ హాజరుబిళ్ళ నంబరు కొట్టనిదే ఆ మెషీనులో ఏ మీటా కదిలేది కాదు. ఒక ఆదివారం వరసలో యాభై ఎనిమిది కనిపించింది. అది తన నంబరే.

ఇక ఆఖరి డిస్కు తెరిచాడు. ఒత్తిడి ప్రమాదపు ఎర్రగీత దాటింది. పది పన్నెండుకు నలభై ఒకటో నంబరు మంట ఆపాడు. నలభై ఒకటి మేస్త్రీ. పది పందొమ్మిదికి మూడో నంబరు వెలిగించాడు. పది ముప్పై ఒకటికి నలభై ఒకటి ఆపాడు, రెండు నిమిషాల్లో మూడు వెలిగించాడు. పది నలభై ఏడుకు మళ్ళీ ఆపాడు, నిమిషంలో మళ్ళీ వెలిగింది. పదకొండు రెండు తర్వాత ఏమీ లేదు.

మూడో నంబరు షిఫ్టు మేనేజరుది.

సుత్తి గోడను కొట్టలేదు. పైపు రెంచి తీసుకుని బయల్దేరాడు.

మేనేజరు ఇప్పుడు రంగుల డబ్బాలమ్ముతున్నాడు. ముసలివాడయ్యాడు. సుత్తి కాలరు పట్టి ఈడ్చి డబ్బాల దొంతర మీదకు విసిరాడు. మూతలు ఊడి నేలంతా నీలం పారింది. నోటి మీద ఒక్కటిస్తే రెండు పళ్ళు రాలాయి. "మంట వెలిగించింది మూడో నంబరు," అని రెంచి ఎత్తాడు. ముసలాయన నెత్తురు ఉమ్మి, తల కాచుకోకుండానే అన్నాడు.

"మంట వెలిగించింది నేనే. పైనుంచి ఆర్డరొచ్చింది, వెలిగించాను. ఆ ఆడమనిషి చెయ్యి విరగ్గొట్టమని నేను చెప్పానా? ఇంటికి నిప్పు పెట్టమన్నానా? అది నీ పనిరా."

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఈసారి ఆపడానికి అన్న రాలేదు, ఆ మాటే ఆపింది. రెంచి నీలంలో పడేసి బయటికి నడిచాడు.

మర్నాడు కాగితాలు పట్టుకుని తల్లీకూతుళ్ళ ఇంటికి వెళ్ళాడు. ముందు నంబర్లు చదివి వినిపించాడు. కూతురు చేత్తో నోరు మూసుకుని ఏడ్చింది. ఆ తర్వాత రాడ్డు పట్టుకున్నది ఎవరో చెప్పాడు. ఆ పిల్ల చేతికందిన ఇస్త్రీపెట్టె విసిరింది. అది కనుబొమ్మ చీల్చింది. నెత్తురు కంట్లోకి కారుతున్నా తుడుచుకోకుండా నిలబడ్డాడు. ఇంకోటి విసరబోతుంటే తల్లి ఆపింది. వంకర తిరిగిన చేత్తో కాగితాలు దగ్గరికి లాక్కుని అడిగింది.

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"ఇప్పుడే తెలిసిందమ్మా, ఆయన తప్పు లేదని."

"తప్పుంటే? అప్పుడు నా చెయ్యి విరగ్గొట్టడం సబబేనా?"

ఆమె జవాబు కోసం చూడలేదు, వెళ్ళమంది.

కూతురు పెట్టుకున్న అర్జీ మీద విచారణ తిరిగి మొదలైంది. ఎవరికీ తెలియని రాతను నువ్వొక్కడివే చదివానంటే ఎలా నమ్మాలని కంపెనీ వకీలు అడిగాడు. సుత్తి ఆదివారాల సంగతి చెప్పాడు, తన బిళ్ళ నంబరు చూపించాడు. ఫ్యాక్టరీ ఉద్యోగివన్నమాట, మేస్త్రీకి స్నేహితుడివా అని వకీలు మాట తిరగేశాడు. కాదు, ఆయన ఇంటి మీద పడినవాణ్ణి అన్నాడు. వెంట ఎవరెవరున్నారని విచారణ అధికారి అడిగితే గుర్తున్న పదకొండుమందినీ చెప్పాడు.

వారం తిరగకముందే ఆ పదకొండుమందిలో నలుగురు పాత ఫిట్టర్లు దుకాణానికి వచ్చారు. పిల్లల పెళ్ళిళ్ళు చేసి పరువుగా బతుకుతున్నవాళ్ళం, మమ్మల్నెందుకు వీధికీడ్చావని అడిగారు. అడగడం ఎంతోసేపు సాగలేదు. డ్రైవులన్నీ నేలకేసి కొట్టారు. అతన్ని వీధిలోకి లాగి చెప్పుకాళ్ళతో తన్నారు. మూడు పక్కటెముకలు విరిగాయి, కుడిచేతి వేళ్ళ మీద ఒకడు మడమతో తొక్కి తిప్పాడు. సుత్తి చెయ్యి ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరినైనా పడగొట్టగలిగేవాడే.

ఆసుపత్రిలో ఉండగా పోలీసులు వచ్చి అతని మీదా, అతను చెప్పినవాళ్ళ మీదా కేసు రాసుకున్నారు. తన తరఫున వకీలు వద్దన్నాడు. ఏడాదికి విచారణ నివేదిక వచ్చింది. ప్రమాదానికి కారణం మేస్త్రీ అన్న వాక్యం కొట్టేసి, మేనేజరూ అతనికి ఆర్డరిచ్చినవాళ్ళూ అని రాశారు. ఆ వాక్యం చదివి మేస్త్రీ భార్య ఏమందో సుత్తికి తెలియదు. ఆమె మళ్ళీ అతని ముఖం చూడలేదు.

విచారణ నుంచి తిరిగొచ్చిన డిస్కులు తీసుకోవడానికి కూతురు ఒక్కత్తే వచ్చింది. బెయిలు మీద బయటికొచ్చి, సరిగా ముడవని వేళ్ళతో అతను కొత్త దుకాణం సర్దుకుంటున్నాడు. ఆ రాత ఎలా చదవాలో మొదటినుంచీ చూపించమంది. నివేదిక వచ్చేసింది కదమ్మా అన్నాడు.

"నువ్వు చెప్పింది నేను నమ్మాలా?" అంది. "మా నాన్న గురించి అప్పుడొకడు చెప్పాడు, అందరూ నమ్మారు."

సుత్తి లేచి కుర్చీ ఆమెకిచ్చాడు. పక్కన నిలబడి అడిగినదానికి మాత్రమే చెప్పాడు. మూడు రోజులు వచ్చి కూర్చుంది. కాగితం మీద తన చేత్తోనే గీత గీసింది, ఆదివారాలు లెక్కపెట్టింది, నలభై ఒకటి కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో సున్నా చుట్టింది. మూడోరోజు మధ్యాహ్నం ఆఖరి వరస చేరింది. తను రాసినదీ అతను రాసినదీ పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కో వరసా దిగుతూ వచ్చింది.

"సరిపోయింది," అంది. డిస్కులు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.